ముప్పై ఒకటో వరుస

"రక్తం ఇచ్చేది లేదు," అని జక్రయ్య చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

చర్చి అరుగు మీద కూర్చున్న తక్కినవాళ్ళూ లేచి లుంగీలు దులుపుకున్నారు.

సూదులు, దూది, ట్యూబులు సర్దుకుని కూర్చున్న నాజియా మొహం మాడిపోయింది.

ఆమె యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి ఏడాది చదువుతోంది. మిరప చేలల్లో పురుగుమందు కొట్టే ముప్పైమంది రక్తం పదిహేను రోజులకోసారి తియ్యాలి. మొత్తం ఐదుసార్లు. మందు ఒంట్లోకి ఎక్కేకొద్దీ రక్తంలో ఒక ఎంజైము పడిపోతుంది. అదెంత పడిందో తేల్చడమే ఆమె ప్రాజెక్టు. అది పూర్తయితేనే డిగ్రీ.

కబేళా నుంచి మేక రక్తం తెచ్చుకుని హాయిగా ముగించమని గైడ్ క్రీస్తుదాసు గారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. మేకలు మందు కొట్టవు సార్ అని ఈ పిల్ల మొండికేసింది. ఇప్పుడు ఊరు మొండికేసింది. ఈ రక్తాన్ని గుంటూరులో అమ్ముకుంటారని ఎవడో పుట్టించాడు మరి.

అప్పుడొచ్చింది పుల్లమ్మ, జక్రయ్య తల్లి. అరవై దాటిన మనిషి. చేలో నీళ్ళు మోసి వస్తోందేమో, చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. వస్తూనే కొడుకుని అందుకుంది.

"పొద్దస్తమానం ఆ విషంలో తడుస్తావు. చీమ కుట్టినంత సూదికి చస్తావేరా?"

నాజియాకి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది.

"ముందు నాది తియ్యి పిల్లా. ఈ మొనగాళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

నాజియా ఫారం తీసింది. అందులోని మొదటి ప్రశ్న అడిగింది.

"మీరు మందు కొడతారా మామ్మా?"

"ఆడదాని భుజానికి ట్యాంకు ఎవడు తగిలిస్తాడే?"

"అయితే మీది పనికిరాదు. కొట్టేవాళ్ళదే తియ్యాలి."

"నాది మాత్రం రక్తం కాదా? చేలో నేను లేనా? తియ్యి."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సరే, పెద్దావిడ ముచ్చట ఎందుకు కాదనాలని నాజియా తీసింది. తల్లి ఇచ్చాక కొడుకు సిగ్గుపడి కూర్చున్నాడు. కొడుకు వెనక ఊరు కూర్చుంది.

ల్యాబుకి వచ్చి ముప్పై ట్యూబులు ఫ్రిజ్‌లో పెట్టింది. పుల్లమ్మది సింకులో పారబోసింది. తెచ్చుకున్న రసాయనం ముప్పైమందికే బొటాబొటీ. పద్ధతి ప్రకారం చూసినా అదే సరైన పని.

రెండోసారీ పుల్లమ్మే ముందు కూర్చుంది. మూడోసారీ అంతే. కూర్చున్నప్పుడల్లా తనకేం వచ్చిందని అడిగేది. బాగానే ఉంది మామ్మా అని నాజియా అనేసేది. మోసం చెయ్యాలని కాదు, ముసలావిడ మనసు కష్టపెట్టడం దేనికని.

నాలుగోసారి పుల్లమ్మ కళ్ళు నులుముకుంది. నెలరోజులుగా చూపు మసకేస్తోందట, చేలోంచి వచ్చేటప్పుడు డొంక దారి కూడా కంటికి ఆనడం లేదట. శుక్లాలేమో చూపించుకోమంది నాజియా.

"ఏమోలే. రక్తం బాగుందన్నావుగా, అది చాలు," అని పుల్లమ్మ మళ్ళీ చేలోకి వెళ్ళిపోయింది.

ఐదోసారి ఆవిడ రాలేదు.

జక్రయ్య గడ్డం పెంచుకుని వచ్చాడు. శుక్రవారం అమ్మ చేలోనే పడిపోయిందన్నాడు. ఒళ్ళంతా చెమటలు, నోట్లోంచి చొంగ, కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయన్నాడు. ఆటో ఎక్కించేలోపే ప్రాణం పోయింది. గుండెపోటని నలుగురూ అనుకుని సమాధి చేసేశారు.

మందు ఒంట్లోకి ఎక్కితే కనబడే ఆ మూడు లక్షణాలూ నాజియా రిపోర్టు మొదటి పేజీలోనే ఉన్నాయి. తన చేత్తో రాసుకున్నవే.

ఫారంలో లేని ప్రశ్న ఒకటి జక్రయ్యని అడిగింది. అతను చెప్పింది విన్నాక ఆ రోజు ఎవరి రక్తమూ తియ్యలేకపోయింది. అరుగు మీదే కూర్చుని, ఊరంతా చూస్తుండగా ఏడ్చింది.

రిపోర్టులో ముప్పైమందికి బదులు ముప్పై ఒక్కరు చేరారు. చివరి వరుసలో పేరు ఉంది, వయసు ఉంది. ఫలితాల గళ్ళు ఐదూ ఖాళీ.

క్రీస్తుదాసు గారు తల పట్టుకున్నారు. కొరివితో తల గోక్కోవద్దన్నారు. తప్పు చేశానని నువ్వే రాసిచ్చాక నీకు మార్కులెవరు వేస్తారని అడిగారు. ఆ వరుస తీస్తేనే సంతకం అన్నారు.

"డిగ్రీ ఆపినా సరే సార్, వరుస తియ్యను."

అని రెండు రోజులు ఆయన గది ముందే నిలబడింది. మూడోరోజు ఆయన సంతకం పెట్టారు.

వైవాకి బయటి యూనివర్సిటీ నుంచి పెద్దాయన ఒకరు వచ్చారు. కాగితాలు తిప్పి తిప్పి ఆఖరి వరుస మీద వేలు పెట్టారు.

"ఏమ్మా, ఈ ఖాళీ ఏమిటి? అసలీవిడ మందు కొట్టేదేనా?"

"లేదు సార్. నాలుగుసార్లు రక్తం ఇచ్చింది. నాలుగుసార్లూ నేనే పారబోశాను."

"కొట్టని మనిషి రక్తం పారబోస్తే నష్టమేముంది? ఈ వరుస కొట్టెయ్యి."

నాజియా కాగితం మీద అరచెయ్యి ఆనించి పట్టుకుంది. ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"కొట్టెయ్యను సార్. ఈ ముప్పైమందీ కొట్టిన మందుని, ముప్పై ఏళ్ళుగా డ్రమ్ముల్లో మోచేతి దాకా ఉత్త చెయ్యి ముంచి కలిపిపెట్టింది ఈవిడే."