పదిహేడో నంబరు

పటాలం వదిలాను కాబట్టి జుట్టు పెంచాలి. మాటకోసారి ‘సార్’ అనడం మానాలి. నాన్న ఏం చేస్తాడో చెప్పకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నా పేరు చెప్పకూడదు. చెబితే మెడికల్ సీటు పోయినట్టే.

కొరియాలోని సియోల్‌లో మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ. ఎవరి పిల్లలో తెలిసి పక్షపాతం చూపకూడదని, ఇక్కడ అందరికీ పేర్లకు బదులు నంబర్లే. నా పక్కనున్న పదహారో నంబరు, “మా ఇంట్లో అన్నాల దగ్గర కూడా ఆపరేషన్ల ముచ్చట్లే” అన్నాడు. ప్రొఫెసర్లు మురిసిపోయారు. తండ్రి ఉద్యోగం చెప్పలేదుగా, నియమం భద్రం.

“పదిహేడు నువ్వేనా?” పెద్ద ప్రొఫెసరు లేచి నా వెనకగా వచ్చి భుజం తట్టాడు.

“సార్జెంట్ తక్ జువోన్!” లేచి అరిచాను. పై అధికారి చెయ్యి పడితే హోదా, పేరు అలా అరవాలని పద్దెనిమిది నెలల నిర్బంధ పటాలం నేర్పింది మరి.

అందరూ పకపకా నవ్వారు.

“అయ్యో, పేరు చెప్పేశావే! ఇక సీటు లేనట్టే. పటాలంలో ఏం వెలగబెట్టావు బాబూ?”

“వైద్య సహాయకుణ్ణి సార్. కడుపునొప్పికీ కాలునొప్పికీ ఒకటే మాత్ర ఇచ్చేవాణ్ణి.”

“తగ్గేదా?”

“ఒకడికి తగ్గలేదు సార్. దొంగ నొప్పన్నాడు మా డాక్టరు. నేనూ నమ్మాను. అపెండిక్స్ పగిలి చచ్చిపోయాడు. అందుకే వచ్చాను.”

నవ్వులు ఆగాయి. పెద్దాయన కలం తీశాడు. “ఎవరతను?”

“ఇక్కడ పేర్లు చెప్పకూడదుగా సార్,” అని సెల్యూట్ కొట్టి బయటికొచ్చాను.

మీకు చెబుతాను. సిపాయి మెంగ్ హోయోల్. నా పేరు మరిచిపోయినా సరే, వాడిది గుర్తుంచుకోండి.