ఉష గొంతు

ఈ సాయంత్రం ఆరింటికి ముప్పై రోజుల గడువు తీరిపోతుంది. ఆలోపు తన గొంతుతో ఒక్క మాట పంపాలి. లేకపోతే గ్రూపులోంచి తీసేస్తారు.

గ్రూపులో ఆమె పేరు ఉష.

మగపిల్లలుగా పుట్టి ఆడపిల్లలుగా బతుకుతున్నవాళ్ల కోసం పెట్టిన గ్రూపు అది. నలభై ఇద్దరున్నారు. ఒకరి నంబరు ఒకరికి కనబడదు. ఉత్త పేర్లే. ఇప్పుడు నడిపేది సాయిలక్ష్మి. ఇరవై రెండేళ్లు. నెల్లూరులో జాకెట్లు కుడుతుంది. రెండేళ్ల కింద ఇల్లు విడిచి బస్టాండులో కూర్చున్నప్పుడు, ముఖం తెలియని కరుణాకుమారి ఈ గ్రూపులోంచే దారి చెప్పి తన గదికి పిలుచుకుంది. ఆ సంగతి సాయిలక్ష్మి ఒక వీడియోలో చెప్పింది. దాని కింద ఉన్న లింకు నొక్కి ఉష లోపలికి వచ్చింది.

గొంతు నియమం సాయిలక్ష్మి పెట్టిందే. ఆరు నెలల కింద ఒకడు ఆడపేరుతో చేరి, ఒక పిల్ల ఫోటోలు ఆమె ఊరంతా పంచాడు. ఆ పిల్ల కాలేజీ మానేసింది. ఒకరిని నమ్మితే ఒరిగేదెంత, పోయేది ఎందరికి అని సాయిలక్ష్మి లెక్క చూసుకుంది. అప్పటినుంచి గొంతు వినకుండా ఎవరినీ ఉంచదు.

ఉష ఉండేది తోటపల్లి గూడూరు దాటాక, సముద్రం పక్క పల్లెలో. ఊరి పేరు ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఇంట్లో మగవాళ్లు వేటకు పోయాకే ఫోను తీస్తుంది. టైపు చేయడం నిదానం. ‘అక్కా’ అని కొట్టడానికి మరీ ఆలస్యం.

మొదటిరోజు ఆమె అడిగింది ఒకటే.

“ఇల్లు విడిచి పోతే బతకగలమా అక్కా?”

“బతకొచ్చుమే. ఆధార్ కార్డు, టెన్త్ సర్టిఫికెట్టు సంచిలో పెట్టుకో. ఏడుపు ఆ తర్వాత ఏడ్చుకోవచ్చు” అంది సాయిలక్ష్మి.

“నాలుగు జతల బట్టలు కూడా. ఈ మహాతల్లి కట్టుగుడ్డలతో వచ్చి నా బీరువా అంతా ఖాళీ చేసింది” అని కరుణాకుమారి అందుకుంది.

“ఇప్పుడు బట్టలు ఉండాయా అక్కా?”

“చూడండే! కొత్తపిల్ల అక్కకే చీరలు కొనేట్టుంది.”

ఆ రోజు అందరూ నవ్వారు.

ఇంకోరోజు ఉష అడిగింది. “మీ ఇంట్లో ఏమన్నారు అక్కా?”

“ఊరి పెద్దలు దురాయి వేసినారు. నాతో మాట్లాడితే ఇల్లంతా వెలి. మా అమ్మ చేత గంగమ్మ ముందు కర్పూరం ఆర్పించినారు. నాతో నోరు విప్పితే, వేటకు పోయిన మా తమ్ముడు తిరిగి రాడని ఒట్టు” అని సాయిలక్ష్మి చెప్పింది.

ఉష అడిగింది. “మీ అమ్మంటే కోపమా?”

“మొదట్లో ఉండేది. ఇప్పుడు లెక్క చూసుకుంటే, ఆమెకి ఇద్దరు బిడ్డలు. ఒకరిని వదులుకుంటేనే ఇంకొకరు ఒడ్డుకొస్తారన్నారు. ఏం చేస్తది?”

ఉష మర్నాడు దాకా కనబడలేదు.

అలా ఇరవై తొమ్మిది రోజులు గడిచాయి. ఇప్పుడు టైము ఐదున్నర.

“ఇంట్లో ఎవురన్నా ఉండారా?” సాయిలక్ష్మి అడిగింది.

“లేరు. పడవలు ఇంకా రాలా.”

“అయితే ఇప్పుడే పలుకు. ఒక్క మాట.”

ఉష మైకు గుర్తు నొక్కి పట్టుకుంది. సెకన్లు తిరిగాయి. మూడు. ఆరు. తొమ్మిది. నోరు తెరిచింది. మూసింది. వేలు పక్కకు జరిపి చెరిపేసింది.

“మగోడే వీడు. దొరికిపోతానని వణుకుతుండాడు. పీకెయ్” అంది కరుణాకుమారి.

“నువ్వుండు కరుణా. ఉషా, గొంతు బాగలేదని సిగ్గా? నాది ఇప్పటికీ తుప్పుపట్టిన గేటు తీసినట్టే ఉంటది. ఇక్కడ ఎవురూ నవ్వరు. ‘ఊ’ అను, చాలు.”

“ఊ అన్నా మాటే కదక్కా.”

“ఊ అంటే ఏం పోతదిమే?”

ఉష ఏదో టైపు చేసింది. కొట్టేసింది. మళ్లీ చేసింది. మళ్లీ కొట్టేసింది. చివరికి ఒక్క ముక్క పంపింది.

“పలకలేను. రోజూ మీ మాటలు చదువుకుంటా. అంతే. ఉండనీ అక్కా.”

సాయిలక్ష్మి పేరు పక్కన ‘టైపు చేస్తున్నారు’ అని చాలాసేపు కనబడింది.

“నేను నమ్ముతుండా నిన్ను. కానీ నీ ఒక్కదాని కోసం రూలు మారిస్తే, రేపు ఇంకొకడు దూరతాడు. నలభై మందికి నేనేం చెప్పాల? ఏమనుకోబాక.”

“అనుకోను. నువ్వు చేసేదే సరి.”

ఆరు కావడానికి ఒక నిమిషం ఉంది.

“అన్నం తిన్నావా?” ఉష అడిగింది.

“తిన్నా. నువ్వు జాగ్రత్త ఉషా. ధైర్యం వచ్చినాక మళ్లీ రా.”

తెర మీద గ్రూపు మాయమైంది. వీడియో కింద లింకు మళ్లీ నొక్కి చూసింది. తెరుచుకోలేదు.

ఫోను ఆపేసి, కొడుకు పడవ వచ్చిందేమో చూడటానికి రేవుకు బయలుదేరింది, సాయిలక్ష్మి తల్లి మాలకొండమ్మ.