నాలుగో నంబరు కమోడ్

"బకెట్టు పట్టుకునేకి కింద ఒక కొళాయి ఉండల్ల కదమ్మా?" అంది అనసూయమ్మ.

హరిత చేతిలోని కేటలాగ్ టపీమని మూసింది. కొండాపూర్‌లోని ఆ బాత్రూమ్ సామాన్ల షోరూమ్‌కి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. బూడిద రంగు టైల్స్, నల్ల కుళాయిలు, నెత్తిమీద పళ్ళెమంత షవర్, గోడకు వేలాడే కమోడ్... కోడలు ఎంచినవాటిలో ఏదీ ఈవిడకు నచ్చదు. ఆ బకెట్టును మాత్రం వదలదు.

"గట్టిగా అనకండి అత్తయ్యా, నవ్వుతారు. కొత్త బాత్రూమ్ చేయించుకునేది మళ్ళీ చెంబుతో పోసుకోవడానికా?"

"మోకాళ్ళ నొప్పులు కదమ్మా. ఉడుకునీళ్ళు పట్టుకుని, స్టూలు మీద కూర్చుని పోసుకుంటే..."

"దానికి యుటిలిటీ పక్కన బాత్రూమ్ ఉందిగా. బకెట్టు కుళాయి ఉంది, నేల గరుకుగా ఉంది. మీకు అచ్చంగా సరిపోతుంది."

వంటింటి వెనక గిన్నెలు తోమే యుటిలిటీ పక్కనున్నది పనిమనిషి కోసమని బిల్డర్ కట్టించిన బాత్రూమ్. చీపుళ్ళు, తుడుపుగుడ్డలు ఉండేది అందులోనే. అనసూయమ్మ మొహం చిన్నబోయింది. ఏమైనా అంటాడేమోనని కొడుకు వైపు చూసింది.

"ఇంటికెళ్ళాక చూద్దాంలే" అన్నాడు వినయ్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

హరితకు ఒళ్ళు మండింది. ఆఫీసులో పదిమందిని ఆడించే మనిషి, తల్లి దగ్గరికొచ్చేసరికి నోట్లో నాలుక లేనట్టు తయారవుతాడు. ఈవిడ కొత్త బాత్రూమ్‌లో అడుగుపెట్టిందంటే ఇక అంతే సంగతులు. కుళాయికి తడి చీర, షవర్‌కి జాకెట్టు, అద్దం మీద పసుపు మరకలు. ఈ విషయం ఇవాళే తేలిపోవాలి.

"మేడం, సార్ మస్తు చెక్ చేస్తుండ్రు" అంది సేల్స్ అమ్మాయి ప్రవళిక నవ్వుతూ.

సార్ అంటే హరిత తండ్రి రంగనాథ్. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, ఈమధ్యే కూతురి దగ్గరకు వచ్చి ఉంటున్నాడు. కుళాయిలు తిప్పుతూ, టైల్స్ మీద వేలితో కొడుతూ, అద్దాల్లో క్రాఫు సర్దుకుంటూ వరసలు దాటి వెళ్ళిపోతున్నాడు.

"మా నాన్న ఏదీ స్వయంగా వాడి చూడందే కొనరు" అంది హరిత గర్వంగా. "పరుపు కొనాలంటే షాపులోనే కాసేపు నిద్రపోతారు. అందుకే మా పుట్టింట్లో పనికిరానిదంటూ ఒక్కటి ఉండదు." ఆ మాట అంటూ అత్తగారి వైపు ఒక చూపు విసిరింది.

అనసూయమ్మ కొడుకు దగ్గరికి జరిగి, "యాడన్నా ఒంటికి పోయే చోటు ఉంటుందేమో చూసొస్తా నాయనా" అని చిన్నగా చెప్పి వెళ్ళింది.

పీడ విరగడైనట్టు హరిత కుళాయిల మీద పడింది. నలుపా, రాగి రంగా? నలుపైతే నీటి మరకలు కనిపిస్తాయి, రాగైతే పూజ సామానులా ఉంటుంది. చివరికి నలుపే అనుకుని తలెత్తేసరికి, ఎప్పుడు అటు వెళ్ళిందో, ప్రవళిక వెనక వరసలోంచి పరుగున వస్తోంది.

"మేడం, ఏమనుకోకుండ్రి. గా నాలుగో నంబర్ డిస్‌ప్లే కమోడ్ ఉంది కదా, గండ్ల ఎవరో నిజంగనే పోయిండ్రు! అది ఉత్తగ చూపెట్టనీకి పెట్టింది మేడం. పైపు లేదు, నీళ్ళు లేవు. ఈ ఫ్లోర్‌ల మీ ఇంటోళ్ళు తప్ప ఇంకెవ్వరు లేరు."

హరితకు తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే లోలోపల పండగలా కూడా అనిపించింది.

"విన్నావా వినయ్? ఇంకా ఇంటికెళ్ళాక చూస్తావా?"

అప్పుడే అనసూయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"ఎక్కడికెళ్ళొచ్చారు అత్తయ్యా?"

"కింద సెల్లార్లోకి. వాచ్‌మన్ పెండ్లాం చూపిచ్చింది."

"అబద్ధాలు కూడానా! డిస్‌ప్లేకి పెట్టిన కమోడ్‌లో కూర్చుని వచ్చి..."

అనసూయమ్మ బిత్తరపోయింది. "నేనా? అది వట్టి బొమ్మని చూడంగానే తెలుస్తాది కదమ్మా! దాంట్లో ఎవరన్నా కూర్చుంటారా?"

"చదువూ సంస్కారం ఉన్నవాళ్ళెవరూ కూర్చోరు."

"అమ్మ కాదంటోంది కదా హరితా" అని గొణిగాడు వినయ్.

"మరి నువ్వు కూర్చున్నావా? నేను కూర్చున్నానా? ఈ అమ్మాయి ముందు మన పరువు గంగలో కలిసింది. ఇప్పుడే తేల్చు. ఇలాంటి పని చేసినవాళ్ళు, ఎవరైనా సరే, నా కొత్త బాత్రూమ్ గడప తొక్కకూడదు. పనిమనిషి బాత్రూమే వాడాలి. అవునా, కాదా?"

వినయ్ తల్లి మొహం చూశాడు, భార్య మొహం చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"సరే" అన్నాడు నీరసంగా. "ఎవరైనా సరే."

అనసూయమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి ఒక మూల కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్ళకు గెలిచానన్న తృప్తితో హరిత కేటలాగ్ మళ్ళీ తెరిచింది.

వెనక వరసలోంచి రంగనాథ్ బెల్టు సర్దుకుంటూ తాపీగా వచ్చాడు.

"అన్నీ బాగున్నాయి గానీ, హరితా, ఆ నాలుగో నంబరుది మాత్రం తీసుకోకమ్మా. వాడి చూశాను, ఎంత నొక్కినా చుక్క నీళ్ళు రాలేదు!"