తండా ఉప్పు

“గుప్పెడు ఉప్పు పెట్టు, చాలు. జొన్నలు తెచ్చిన. ఊకె అడుగుతలేను,” అంది సుక్కి.

దుకాణం గడపకు అవతల, ఎండలో నిలబడి ఉందామె. లోపల బాల్‌సింగ్ గొంగడి కప్పుకొని తక్కెడ ముందు కూర్చున్నాడు. తల ఎత్తలేదు. తక్కెడ ముల్లు మీద చూపు నిలిపితే మనుషుల ముఖాలు చూడనక్కర్లేదని అతనికి ఈమధ్యే తెలిసింది.

“నాయక్‌ను అడుగు,” అన్నాడు.

తండా పెద్ద అమర్‌సింగ్ పక్కనే పందిరి కింద చుట్ట కాలుస్తున్నాడు. “అడిగేదేముంది? తీజ్ పండుగ దాక సుక్కికి నిప్పు, నీళ్లు, ఉప్పు బంద్. ఆమెతోని కలిసి తిన్నోళ్లకు గూడ గదే. తండా అంత కూసుండి చెప్పిన మాట.”

ఆ దుకాణం తండాది. తెలంగాణ కొట్లాట నడిచిన ఏడాది తొర్రూరు బస్సులు ఆగిపోతే, ఊళ్లో వెంకట్రాం దొర తన దుకాణంలో ఉప్పు దాచి, కావలసినవాళ్లు తన పొలంలో నాట్లు వేయాలన్నాడు. వేశారు. ఆ సిగ్గులోంచి పుట్టింది తండా దుకాణం. ఇంటింటా జొన్నలు పోగుచేసి సరుకు తెచ్చుకున్నారు. ఇక దొర దుకాణం గడప తొక్కబోమని చేతిలో ఉప్పు పట్టుకొని అందరూ ఒట్టు పెట్టుకున్నారు.

సుక్కి తొక్కింది.

“దొర తొర్రూరు అంగట్ల ఏమన్నడో ఎరికేనా?” అన్నాడు అమర్‌సింగ్. “ఒక ముసల్ది వచ్చింది, ఎనుకనే తండా అంత వస్తది అన్నడట. నిన్ను ఇడిచిపెడితే రేపు ఇంకొకరు పోతరు. ఇగ ఈ తలుపుకు తాళమే. మళ్ల పోయి దొర పొలంల వంగాలె.”

“కొడుకు పానం మీదికొచ్చె నాయక్. జ్వరంల నన్నే ఎవరు నువ్వని అడిగిండు. మన దుకాణంల జ్వరం గోలీలు లేకుండె. దొర తాన ఉండె.”

“కొడుకులు అందరికీ ఉంటరు, సుక్కీ.”

బాయి నుంచి వస్తున్న తండా పడుచు జమ్లీ నీళ్ల బిందె దించి గడప దగ్గరికి వచ్చింది. “అన్నా, నాకు సేరు ఉప్పు పెట్టు.”

బాల్‌సింగ్ తూచాడు. తూచాక చేయి ఆపాడు. “నిన్ననే తీసుకపోయినవు గద.”

“తొక్కు పెడుతున్న.”

“మామిడికాయలు ఏడున్నయి?”

జమ్లీ సుక్కి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. బాల్‌సింగ్ తూచిన ఉప్పును తిరిగి బస్తాలో పోశాడు. ఒక్క ఉప్పుకల్లు కూడా కింద పడలేదు.

“అందరికన్న నువ్వే ఎక్కువ జేస్తున్నవు,” అంది జమ్లీ. “రాత్రి నిద్ర ఎట్ల పడుతుంది నీకు?”

“ఈడనే పంటున్న. సరుకుకు కావలి.”

“గది అడగలే నేను.”

సుక్కి పెదవులు పగిలి ఉన్నాయి. వాగులో చెలిమ తవ్వి ఆ నీళ్లే తాగుతోందని, కడుపు చెడిందని తండాలో అనుకుంటున్నారు. ఆ మాట విన్నప్పుడు తనలో ఏదైనా కదులుతుందేమోనని బాల్‌సింగ్ ఎదురుచూశాడు. కదలలేదు. జాలి ఉండాల్సిన చోటును ఎవరో ఊడ్చి, అక్కడ తక్కెడ పెట్టినట్టుంది. అతన్ని దుకాణంలో కూర్చోబెట్టిన రోజు తండా చెప్పుకున్న కారణం ఒక్కటే. వీడు ఎవరికీ లొంగడు.

అమర్‌సింగ్ గొంతు తగ్గించాడు. “నేను రాయిని గాను సుక్కీ. ఉప్పు పట్టుకొని చెప్పు, తప్పయింది, మళ్ల పోను అని. ఈ పూటనే నీ పొయ్యికి నిప్పిస్తం. బాయి కాడికి రానిస్తం.”

“మళ్ల జ్వరమొస్తే?”

“వచ్చినా పోను అనాలె.”

బాల్‌సింగ్ ఉప్పు పళ్లెం గడప దాకా జరిపాడు. ఎందుకు జరిపాడో తనకే తెలియలేదు. ఒక్క మాట అనేస్తే అయిపోతుంది. అబద్ధమైనా సరే. ఆ రోజు మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

సుక్కి ఉప్పు మీదికి చేయి చాచింది. చేయి వెనక్కి తీసుకుంది.

“ఉప్పు పట్టుకొని అబద్ధం ఎట్ల చెప్పాలె? జ్వరమొస్తే మళ్ల పోత.”

అమర్‌సింగ్ చుట్ట నేలకేసి నలిపాడు. “ఇన్నవు గద బాల్‌సింగ్. దుకాణం నీ చేతుల ఉన్నది. నువ్వే చెప్పు.”

జమ్లీ బిందె ఎత్తుకోబోయి ఆగిపోయింది.

“ఉప్పు లేదు,” అన్నాడు బాల్‌సింగ్.

సుక్కి కోపగించుకోలేదు. అదే సరైన జవాబన్నట్టు తల ఊపింది. జొన్నల మూట గడప మీద పెట్టింది. “ఇవి ఉంచుకో. నిప్పు లేకుంట నేనేం జేసుకోను,” అని వాగు వైపు నడిచింది. మధ్యలో ఒకసారి కడుపు పట్టుకొని కూర్చుంది. లేచి మళ్లీ నడిచింది.

జ్వరం తగ్గిన ఆ కొడుకు, బాల్‌సింగ్, గొంగడి సర్దుకొని దుకాణం తలుపు మూశాడు.