యాపిల్ తొక్క

"తాతగారూ, పండు తొక్క తీసేసి తిన్నారా?" అంది ల్యాబులో అమ్మాయి, నేను ఉమ్మిన గాజు గొట్టం చేత్తో పట్టుకుని.

"తీయక? తొక్కలు మేకలు తింటాయి. నేను మేకలా కనిపిస్తున్నానా?"

"తొక్కతోనే తినమని కాగితంలో రాశాం కదండీ."

కాగితం చదివినట్టు తలాడించాను గాని, నాకు సంతకం తప్ప చదువు రాదు. నలభై ఏళ్లు మేస్త్రీగా పదిమంది చేత పని చేయించినవాణ్ణి, చదువు రాదన్న మాట ఈ పిల్లకెలా చెప్తాను?

"ఫ్లేవనాయిడ్లని, పండ్లలో ఉండే పదార్థాలు, ఎక్కువగా తొక్కలోనే ఉంటాయండీ. అవి మన ఉమ్మిలో ఉండే నైట్రైట్ అనే లవణంతో కలిసి ఏం చేస్తాయో చూడ్డానికే ఈ పరీక్ష. ఒంటికి మంచివే లెండి."

ఆ మాటకి నా గుండె తేలికపడింది. మా ఆవిడ బతికున్నన్నాళ్లూ యాపిల్ కోసి ముక్కలు నాకు పెట్టి, తొక్క తను నమిలేది. అదేమిటే అంటే, "నాకు తొక్కంటేనే ఇష్టం" అనేది. ఆమె పోయాక ఆ తొక్కలు గుర్తొచ్చి నన్ను తినేసేవి. పోన్లే, మంచిదంతా ఆమెకే దక్కింది అనుకున్నాను.

మర్నాడు పరీక్షకి మళ్లీ వెళ్లాను. ముందు తొక్కే చెక్కి నోట్లో వేసుకున్నాను. డెబ్బై రెండేళ్లలో అదే మొదటిసారి.

వగరు. పళ్లసందుల్లో ఇరుక్కుంది. ఎంత నమిలినా గొంతు దిగలేదు.

"కష్టంగా ఉందా తాతగారూ? పోనీ, ముక్కతో కలిపి తినండి" అంది అమ్మాయి.

నేను తల పక్కకి తిప్పుకున్నాను.

"లేదమ్మా. నాకు తొక్కంటేనే ఇష్టం" అన్నాను.