హుషారైన పాట

“ఏమప్పా వేణుగోపాలూ, హుషారైన పాటలే పాడించు. ఏడుపుగొట్టు పాటలొద్దు. అసలే వానల్లేక జనం మొగాలు వాడిపోయినాయి” అన్నాడు రామాంజనేయులు.

“అట్లే అన్నా” అన్నాడు వేణుగోపాల్, చేతులు కట్టుకుని. రామాంజనేయులుకు నూనెమిల్లు ఉంది. రాబోయే ఎన్నికల్లో నిలబడతాడని అందరూ అనుకుంటున్నారు.

“ఆదివారం కుందుర్పిలో మన మీటింగు. మొదట మీ పిల్లోళ్ళ పాటలు. తర్వాత కొందరికి సాయం చేసేదుండాది. అదయినాక మీ హాలు ఖర్చంతా నాదేనని మైకులో నేనే చెప్తా. దుడ్లకు నువ్వు ఇంక యాడా తిరగొద్దు. కానీ వినాయకుని పందిట్లో పాడిందే, ఆ పాప పాడాల.”

వేణుగోపాల్ తల ఊపాడు. ఆ పాప మౌనిక. కొన్నాళ్ళుగా క్లాసుకే రావడం లేదు.

వేణుగోపాల్‌కు కుందుర్పిలో చిన్న బట్టల కొట్టు. కొట్టు కన్నా హార్మోనియం మీదే ప్రాణం. ఊళ్ళో పిల్లల్ని, చుట్టుపక్కల పల్లెల పిల్లల్ని చేరదీసి పాత శెనక్కాయల గోడౌన్లో పాట, డోలక్, కోలాటం నేర్పేవాడు. ఎండాకాలం ఆ రేకుల కింద పిల్లలు ఉడికిపోయేవారు. వాళ్ళకో హాలు కట్టాలన్న ఆలోచన పుట్టింది మొదలు అతని కాలు ఒకచోట నిలవలేదు. ఉరవకొండ, అనంతపురం, బళ్ళారి, ఎక్కని గడప లేదు. కొందరు నోటు చేతిలో పెట్టారు. కొందరు టీ తాగించి పంపారు. “తిననీకి లేని ఏట పాటలేందప్పా?” అని ఒకాయన మొహం మీదే అన్నాడు.

ఆ తిరుగుడులో హార్మోనియం పెట్టె మూత తీసి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. డోలక్ వాయించే తేజే క్లాసు చూసుకుంటున్నాడు. కొత్తగా చేరిన పిల్లల పేర్లు వేణుగోపాల్‌కు తెలియవు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఒక్కోసారి ‘దేనికి మొదలుపెట్టినాను, ఏం చేస్తాండాను’ అని మనసు కలుక్కుమనేది. హాలు లేస్తే మళ్ళీ పిల్లల మధ్యే కూర్చుంటానని సర్దిచెప్పుకునేవాడు.

రామాంజనేయులు దగ్గర నుంచి ఊరు చేరగానే తేజను అడిగాడు.

“మౌనిక క్లాసుకు ఎందుకు రావడం లేదు?”

“తెలీదు సార్. ఆ పల్లె నుంచి వచ్చేది ఆ పిల్ల ఒక్కతే. అడగనీకి ఎవరూ లేరు. పెండ్లిళ్ళలో పాడనీకి ఆర్కెస్ట్రావాళ్ళు పిలుస్తాండారని మాత్రం విన్యా.”

వేణుగోపాల్‌కు చురుక్కుమంది. సరిగమలు దిద్దించిన పిల్ల ఒక్క మాటైనా చెప్పకుండా పోయిందా! అప్పటికప్పుడు కార్డు రాసి పోస్టు డబ్బాలో వేశాడు. ‘నువ్వు పెండ్లిళ్ళలో పాడుకుంటూ కూర్చుంటే ఇక్కడ ఇంతమంది పిల్లల నోట్లో మన్ను పడుతుంది. కృతజ్ఞత ఉంటే ఆదివారం మీటింగులో పాడాల, శనివారమే రా.’

శనివారం మౌనిక వచ్చింది. చిక్కిపోయింది. తలకు నూనె లేదు.

“ఎవరి పెండ్లిలో పాడొచ్చినావమ్మా?” అన్నాడు వెటకారంగా.

“ఎవరి పెండ్లికీ పోలేదు సార్.”

“మరి ఇన్నాళ్ళు యాడికి పోయినావు?”

“మా నాయన...” అని ఆగింది.

“మీ నాయన పంపలేదా? ఆయనే గదా నిన్ను తెచ్చి చేర్చినాడు! పేరు గుర్తులేదు గానీ, మా పాపకు గొంతుండాది సార్ అని ఎంత సంబరపడినాడు! నేనొచ్చి మాట్లాడతా పా.”

“వద్దు సార్” అంది కంగారుగా. “పాడతా. నేనెట్లాగూ ఆ మీటింగుకు రావాల్సిందే.”

ఆ మాటకు వేణుగోపాల్ మెత్తబడ్డాడు. “అదీ మాట! రేపు మీ నాయననూ పిల్చుకొని రా. ముందు వరసలో కుర్చీ ఏపిస్తా. నీ పాట ఇనాల ఆయన.”

మౌనిక పోయి డోలక్ పక్కన కూర్చుంది. తేజ డోలక్ అందుకున్నాడు. ఆమె గొంతు సవరించుకుంది.

ఆదివారం షామియానా కింద జనం కిక్కిరిశారు. వేణుగోపాల్ చాలా రోజులకు హార్మోనియం ముందు కూర్చున్నాడు. మౌనిక వాన పాట ఎత్తుకుంది. అతనే కట్టిన పాట. తొలివానకు నాయన గొర్రు పడితే కూతురు వెంట నడుస్తూ విత్తనం వేస్తుంది. ఎప్పుడూ గంతులేస్తూ పాడే పిల్ల ఈసారి అతని పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని పాడింది. రెండో చరణంలో గొంతు వణికింది. అతను హార్మోనియం మెట్టు నొక్కి శ్రుతి నిలబెట్టాడు. భయపడుతోంది కాబోలు అనుకున్నాడు. ఆమె నిలదొక్కుకుని చివరిదాకా లాగింది. జనం ఈలలు వేశారు. “ఇంకోసారి!” అని అరిచారు. రామాంజనేయులు సైగ చేస్తే వేణుగోపాల్ మళ్ళీ పాడించాడు.

పాట అయిపోయినా మౌనిక మైకు ముందు నుంచి కదలలేదు. అతను వంగి, “హాలు కట్టేసినావు తల్లీ!” అన్నాడు. సంతోషంతో అతని కళ్ళు చెమర్చాయి. రేపటి నుంచి ఏ గడపా ఎక్కక్కర్లేదు.

వేదిక మీద రామాంజనేయులు మనిషి ఇంకో మైకు అందుకున్నాడు. “పంట ఎండిపోయి, పోయిన నెల దిగులుతో తన ప్రాణం తానే తీసుకున్న రైతు సోమప్ప కుటుంబానికి మన అన్న చేతుల మీదుగా సాయం. సోమప్ప కూతురు రావాల.”

ఈలలు ఆగిపోయాయి. ‘ఏ తల్లి బిడ్డో పాపం’ అనుకుంటూ వేణుగోపాల్ జనంలోకి చూశాడు.

అతని పక్క నుంచి మౌనిక లేచింది.