కొండవతలి చెట్టు

దుంగ అంగుళం కూడా కదలడం లేదు.

లావింగ్, అతని అన్న అజాంగ్, మరో ముగ్గురు తాళ్ళు పట్టుకుని లాగుతున్నారు. లోపలంతా తొలిచారు, ముక్కూ తోకా చెక్కారు. ఇక కొండ దాటించి, ఏటి ఒడ్డున నిప్పుసెగ పెట్టి వెడల్పు చేస్తేనే అది పడవవుతుంది.

లావింగ్‌కి కంటి మీద కునుకు లేదు. భార్య ఉసున్‌కి నెలలు నిండుతున్నాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఏటి దిగువన ఆసుపత్రికి తీసుకెళ్ళక తప్పదనీ మంత్రసాని చెప్పేసింది. ఉన్న ఒక్క పడవా మొన్నటి వరదకి బండలకు కొట్టుకుని ముక్కలైంది.

పైగా ఈ చెట్టు వాళ్ళది కాదు. కొండవతలి లుహాత్‌ది. అతన్ని వీళ్ళెప్పుడూ చూడలేదు గానీ, చెట్టు తనదని బెరడు మీద అతను పెట్టుకున్న గంటు చూశారు. చూసి కూడా గొడ్డలి వేశారు.

"ఏంటబ్బాయిలూ, మొరాయించిందా?"

అందరూ ఉలిక్కిపడ్డారు. ఎవరో ముసలాయన. నడుముకి కత్తి, వీపున బుట్ట.

"మంచి దుంగే. ఎక్కడ కొట్టారు?"

"మా... మా అడవిలోనే తాతా. లుహాత్ చెట్ల జోలికి మేమెందుకు పోతాం?" అన్నాడు అజాంగ్.

"లుహాత్ పేరు నేనెత్తలేదే!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది అజాంగ్ పని. కప్పిపుచ్చుకోబోయి ఇంకాస్త వాగాడు.

"వాడొట్టి పిసినారంట తాతా. ఎండుపుల్ల ముట్టుకున్నా పందిని జరిమానా అడుగుతాడంట!"

ముసలాయన పడీపడీ నవ్వాడు.

"నిజమే. ఆ వెధవ సంగతి నాకూ తెలుసు. సరే గానీ, ఈ బురదలో ఇంత తొందరేమొచ్చింది? వానలు వెలిశాక లాక్కోవచ్చుగా?"

లావింగ్ ఆగలేకపోయాడు. ఉసున్ సంగతంతా చెప్పేశాడు. చెబుతూ ఏడ్చేశాడు.

ముసలాయన దుంగని అరచేత్తో ఓసారి నిమిరాడు. తర్వాత బుట్ట దించి, వెనక్కి వెళ్ళి భుజం ఆనించాడు.

"నీకెందుకు తాతా, నడుం విరుగుద్ది!" అన్నాడు అజాంగ్.

"విరిగితే నాది కదా విరిగేది. నువ్వు లాగు."

దుంగ కదిలింది.

పొద్దు వాలేసరికి ఏటి ఒడ్డుకు చేరింది. అన్నం తిని వెళ్ళమని ఎంత బతిమాలినా ముసలాయన ఆగలేదు. ఆ కంగారులో ఆయన పేరు కూడా ఎవరూ అడగలేదు.

నిప్పుసెగకి దుంగ చక్కగా విచ్చుకుంది. పగులన్నదే లేదు. ఉసున్‌ని అందులోనే తీసుకెళ్ళారు. తల్లీ బిడ్డా దక్కారు.

అయినా లావింగ్ మనసు ఊరుకోలేదు. తప్పు ఒప్పుకుందామని అన్నదమ్ములిద్దరూ పందిని మోసుకుని లుహాత్ ఇంటికి వెళ్ళారు.

వసారాలో అతని భార్య ఒక్కతే కూర్చుని ఉంది.

"లుహాత్ గారున్నారా అవ్వా?"

"పోయాడు నాయనా. నెల కావస్తోంది."

అజాంగ్ తల దించుకున్నాడు. "ఆయన చెట్టు కొట్టింది మేమే."

"మీరేనా? దొంగల్ని పట్టుకొస్తానని ఎగిరెగిరి వెళ్ళాడు. భుజం కమిలిపోయి వచ్చాడు. దొరికారా అంటే, 'పాపం, ఎవరో పిల్లకి కాన్పు కష్టమంట, పడవకి ఓ చెయ్యేసొచ్చా' అన్నాడు."

లావింగ్ ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఇంతకీ ఆ పిల్లెలా ఉంది నాయనా?"

"మగబిడ్డ అవ్వా. ఇద్దరూ బాగున్నారు."

"పోన్లే," అంటూ ఆమె కళ్ళొత్తుకుంది. "చచ్చాక తనని పడుకోబెట్టే పెట్టె ఆ మానుతోనే తొలవాలని, మా పెళ్ళయిన కొత్తలోనే దానికి గంటు పెట్టుకున్నాడు మీ తాత... చివరికి చాపలో చుట్టి పంపించాం."